నడుం పట్టీ గౌను

జూన్ 9

నాన్నా,

ఫోన్లో చెప్పలేనివి చాలా మిగిలిపోతున్నాయి, అందుకే ఈ ఉత్తరం. ఫోన్ చేసినప్పుడల్లా నీ చిన్నకూతురు ఉడత నా మోచేతి పక్కనే చెవులు రిక్కించుకుని ఉంటుంది. అటువైపు నువ్వేమో "ఊఁ" తప్ప ఇంకో మాట అనవు. కాగితమైతే నువ్వు మధ్యలో ఊఁ కొట్టలేవు, ఉడత తొంగి చూడలేదు. చూడలేదని ధీమాగా ఎందుకంటున్నానంటే, ఇప్పుడు దాని తల తిరగదు.

తలకి రింగు వేసేశారు. నిన్న పొద్దున మత్తు ఇచ్చి లోపలికి తీసుకెళ్లారు. బయటికి తెచ్చేసరికి నుదుటి మీదుగా, చెవుల పైనుంచి తల చుట్టూ ఒక వెండి వలయం. బొమ్మల్లో గ్రహాల చుట్టూ ఉంటుందే, అలాంటిది. దాన్ని కదలకుండా పట్టి ఉంచే సన్నని మరలు పుర్రె ఎముకకి బిగించి ఉన్నాయి. వలయం నుంచి ఒక తాడు, తాడు పైన ఒక కప్పీ, కప్పీకి అవతల మంచం వెనక వేలాడే బరువు. దూరంనుంచి చూస్తే, మన ఉడతని ఆకాశంలోంచి ఎవరో గాలానికి తగిలించి మెల్లగా పైకి లాగుకుంటున్నట్టు ఉంది.

డాక్టరుగారు ఈసారి నన్ను కూర్చోబెట్టి అంతా మళ్లీ చెప్పారు. చంటిదిగా ఉన్నప్పుడు కొన్ని నెలలకోసారి మార్చి వేసిన పిండికట్లు, తర్వాత పగలూ రాత్రీ తొడిగిన ప్లాస్టిక్ బెల్టు, వెన్నులో వంపుని కొంతకాలం నిలబెట్టాయి. ఈ ఏడాది అది ఒళ్లు పెరిగినదానికంటే వేగంగా పెరిగింది. పెద్దవాళ్లకైతే వెన్ను సరిచేసి కడ్డీలతో అతికించేస్తారట. ఎనిమిదేళ్ల పిల్లకి అలా చేస్తే వెన్ను అక్కడితో ఎదగడం మానేస్తుంది, ఛాతీ చిన్నదిగా ఉండిపోతుంది, ఊపిరితిత్తులకు చోటు చాలదు. అందుకని దీనికి పొడవు పెంచుకుంటూ పోయే కడ్డీలు వేస్తారు. కానీ ఇంత వంపుని ఒక్కసారిగా సరిచేయబోతే నరాలకు ప్రమాదం. ముందు కొన్ని వారాలు ఈ బరువులతో నెమ్మదిగా సాగదీయాలి. ఎంత సాగితే ఆపరేషన్ అంత క్షేమం. మధ్యలో మానేస్తే సాగింది కూడా వెనక్కి పోతుంది.

రాత్రి పిల్లల వార్డులో ఆడవాళ్లే ఉండాలన్న రూలు గురించి నీ కోసం మళ్లీ అడిగాను. "నాన్నయినా సరేనా?" అన్నాను. "నాన్నలు కూడా మగవాళ్లేగా అమ్మా" అంది నర్సమ్మ. కాబట్టి అమ్మ లేని మన ఇంట్లో ఆ ఆడమనిషిని నేనే. కాలేజీ పుస్తకాలు మంచం కింద పెట్టుకున్నాను.

రింగు ఉన్నన్నాళ్లూ తల మీదుగా ఏదీ తొడగలేం. ముందంతా తెరుచుకునే గౌన్లు కుట్టి పంపు. పార్సిల్‌తో పాటు ఒక ఉత్తరం కూడా పెట్టు. ఊఁ అని మాత్రం రాయకు.

నీ పెద్దమ్మాయి


జూన్ 13

తల్లీ,

నీ ఉత్తరంలో గాలం అన్న చోట ఆగిపోయాను. ఆ తర్వాతి పేజీ సాయంత్రం చదివాను. మధ్యలో ఒక స్కూలు నిక్కరుకి రెండు కాళ్లూ ఎడమ కాళ్లే కత్తిరించాను. మన పక్క ఇస్త్రీ బాబాయి అది ఎత్తి చూసి, "రెండూ ఎడమ కాళ్లే ఉన్న పిల్లాడెవడు మాస్టారూ?" అన్నాడు. నవ్వు రాలేదు. అయినా నవ్వాను, అతను నొచ్చుకుంటాడని.

నువ్వు చిన్నప్పటినుంచీ ఇంతే. కుక్కపిల్ల వెంటపడితే ఇంటికొచ్చి పులి తరిమిందని చెప్పేదానివి. పక్కన ఉంటే నీ మొహం చూసి ఏది పులో ఏది కుక్కపిల్లో పోల్చుకునేవాణ్ణి. ఇంత దూరంనుంచి నాకెలా తెలుస్తుంది? నొప్పి ఉందా లేదా, అదొక్కటీ రాయి.

గౌన్లు రెండు పంపుతున్నాను. మెడనుంచి కిందిదాకా గుండీలే. నీ వేళ్లకి అందేలా పెద్ద గుండీలు వేశాను. కుడి పక్క ఎప్పటిలాగే పొడవు వదిలాను, ఎడమ భుజంలో మెత్త పెట్టాను. దాని ఒళ్లు నా చేతికి బాగా అలవాటు. నాలుగేళ్లుగా చూసేవాళ్లెవరికీ తెలియకుండా కుడుతున్నాను కదా. కుడి భుజం ఎత్తు, కాబట్టి ఆ పక్క గుడ్డ ఎక్కువ పడుతుంది. నడుము దగ్గర మాత్రం గీత రానివ్వను. ఒంటి మీద అడ్డగీత పడిందంటే వంకర పట్టిచ్చేస్తుంది.

స్కూళ్లు తెరిచే రోజులు, షాపు వదిలి రావడానికి లేదు. మొన్న షాపు మూసి ఇంటికొచ్చి తలుపు కొట్టాను. రెండుసార్లు కొట్టాక గుర్తొచ్చింది, తాళం చెవి నా జేబులోనే ఉందని.

ఉడతని గోల చేయొద్దని చెప్పు. లేకపోతే చేయమను. దానిష్టం.

నాన్న


జూన్ 20

నాన్నా,

నొప్పి మొదటి రెండు మూడు రోజులు ఉంది. ఇప్పుడు లేదు. చూశావా, ఎంత పొడిగా రాశానో! ఇక నన్ను నాలా రాయనీ.

ఇక్కడ ఒక బండి ఉంది. నాలుగు చక్రాలు, చుట్టూ పట్టుకోవడానికి కడ్డీ, నెత్తి మీద కమాను. మంచానికున్న తాడూ బరువూ తీసి ఆ కమానుకి తగిలిస్తారు. పిల్ల లోపల నిలబడి బండిని తోసుకుంటూ నడవాలి. నడవాలి అన్నది వాళ్ల మాట. మన ఉడత ఎగురుతోంది. వరండా ఆ చివరినుంచి ఈ చివరికి ఒకటే ఉరుకు. వ్యాయామం చేయించే ఆయన వెనకాల పరిగెత్తుతూ, "ఒసేయ్, నీకు లైసెన్సు లేదు, ఆగవే!" అంటాడు. "మీరే పక్కకి తప్పుకోండి, హారన్ లేదు నాకు" అంటుంది ఇది. మూడు రోజులకోసారి బరువు కాస్త కాస్త పెంచుతున్నారు. పెంచినప్పుడల్లా కళ్లు తిప్పమంటారు, చేతివేళ్లూ కాలివేళ్లూ కదపమంటారు, గిల్లితే తెలుస్తోందా అని అడుగుతారు. "నేను తిరిగి గిల్లితే మీకు తెలుస్తుందా?" అని అడిగి గిల్లింది కూడా.

నీకు చెప్పాల్సిన అసలు విషయం దాని ఊపిరి. ఇంట్లో నాలుగు మాటలంటే మధ్యలో ఒకసారి ఆగేది, గుర్తుందా? ఇప్పుడు పక్క మంచం పిల్లతో గుక్క తిప్పుకోకుండా పోట్లాడుతోంది. వానకి ఒరిగిపోయిన మొక్క ఎండ తగలగానే లేచినట్టు దాని వెన్ను లేస్తోంది నాన్నా. ఈ పొద్దున టేపు పట్టి కొలిచాను. రెండు భుజాలనుంచీ నడుము దాకా కొలిస్తే కుడికీ ఎడమకీ తేడా అర అంగుళం కూడా లేదు! కొలతలన్నీ వెనక పేజీలో రాశాను. వాటితో కత్తిరించు.

ఎందుకంటే ఒక ఆర్డరు ఉంది. పక్క మంచం పిల్లకి నడుం పట్టీ ఉన్న గౌను ఉంది. నిన్న ఇద్దరి మధ్యా ఇలా నడిచింది:

"మీ నాన్న టైలరేగా, నీకెందుకు పట్టీ గౌను లేదు?"

"మా నాన్న నాకు పట్టీ పెట్టడు."

"ఎందుకు?"

"నా నడుం వంకరగా. పట్టీ పెడితే కనబడిపోద్ది."

దానికి తెలియదనుకున్నాం నాన్నా. అన్నీ తెలుసు. ఆ తర్వాత నా వైపు కళ్లు తిప్పి, "ఇప్పుడు తగ్గిందిగా అక్కా, ఇప్పుడు పెట్టమను. పసుపు రంగుది" అంది.

ఇక్కడ అందరూ నన్ను "మీ పాపకి ఎలా ఉంది?" అని అడుగుతారు. మొదట్లో అక్కనని సరిదిద్దేదాన్ని. ఇప్పుడు ఊరుకుంటున్నాను. బట్టలు ఉతకడం, భోజనం తేవడం, మరల చుట్టూ దూదితో తుడవడం చూస్తూ నిలబడటం. రోజులో ఎవరూ నన్ను నా పేరుతో పిలవరు. మధ్యాహ్నం అది పడుకున్నాక కిటికీ దగ్గర కూర్చుంటే, ఆవలి ఇంటి మేడ మీద ఆరేసిన దుప్పట్లు నాతో ఏదో చెప్పబోయి మానుకుంటున్నట్టు కదులుతాయి.

ఎదురుచూస్తూ,
మీ ఇద్దరి పెద్దది


జూన్ 26

తల్లీ,

దుప్పట్ల గురించి రాసింది నాలుగుసార్లు చదివాను. నిన్ను తల్లి అనుకుంటున్నారని, నువ్వు ఊరుకుంటున్నావని రాశావు. నీ వయసు పిల్ల మీద ఇంత పని పెట్టాను. నువ్వు కాదనవని తెలిసే పెట్టాను. నీకు కష్టంగా ఉంటే చెప్పు, తోడుగా ఉండటానికి ఇంకెవరినైనా కుదురుస్తాను. నువ్వు కాలేజీకి వెళ్లిపో. మనసులో ఏమీ అనుకోను.

ఉడత ఎగురుతోందని రాశావు. సంతోషం. కాస్త తగ్గించుకుని చదువుకున్నాను, నడుస్తోందని. అదే పదివేలు.

పట్టీ గౌను కుట్టాను. నీలం గుడ్డ, పసుపు పట్టీ. గుండీలకి కూడా అదే పసుపు గుడ్డ చుట్టాను. వంకర తగ్గిందని అదే అన్నాక పెట్టకపోతే ఎలా? కొలతలు చూశాను. అది ఒకచోట నిలబడే రకం కాదు, నీకు టేపు పట్టడం కొత్త. నేను చూసుకున్నానులే. ఇస్త్రీ బాబాయి తనే మడత పెట్టి ఇచ్చాడు. "చిన్నమ్మాయి గౌను, ఒక్క ముడత ఉన్నా నా పరువు పోతుంది" అన్నాడు.

ఇంటికొస్తే మాట్లాడటానికి ఎవరూ లేరు. మిషనే కాస్త నయం, తొక్కితే ఏదో ఒకటి అంటుంది. చూడు, నీ ఉత్తరాలు చదివి నేనూ ఇలా తయారవుతున్నాను.

నాన్న


జులై 2

నాన్నా,

ఇవాళ బాగా రాయలేను. జరిగింది రాస్తాను.

పార్సిల్ నిన్న వచ్చింది. విప్పగానే ఉడత కేక పెట్టింది. తొడిగించుకుని, బండి తోసుకుంటూ వ్యాయామం గదిలో నిలువుటద్దం దగ్గరికి పరిగెత్తింది. నేను వెళ్లేసరికి అద్దం ముందు కదలకుండా నిలబడి ఉంది. పసుపు పట్టీ ఎడమనుంచి కుడికి జారిపోయి ఉంది. కింద అంచు కూడా అంతే, కుడి పక్క కిందికి వేలాడుతోంది.

"అక్కా, నేను ఈసారి ఇటు వంగిపోయాను" అంది.

"కాదే, గౌను తేడాగా ఉంది" అన్నాను.

"నాన్న తేడాగా కుట్టడు. ఎప్పుడైనా కుట్టాడా? గౌను బాగానే ఉంది. నేనే బాలేను."

ఆ తర్వాత బరువు పెంచడానికి వచ్చారు. తాడు రెండు చేతులతో పట్టుకుని అరిచింది. "లాగి లాగి ఇటు వంచేశారు, ఇంక వద్దు, తీసేయండి" అని. అలా గింజుకుంటే మరలు కదులుతాయని భయపడి, బరువు బాగా తగ్గించేసి వెళ్లారు. ఈ పొద్దున కూడా ముట్టుకోనివ్వలేదు. డాక్టరుగారు కొత్త ఎక్స్‌రే, పాత ఎక్స్‌రే పక్కపక్కన పట్టుకుని చూపించారు. వంపు ఎంత తగ్గిందో నాకే స్పష్టంగా కనబడింది. అది మాత్రం, "ఆ కొత్తది నాది కాదు, పక్క మంచం దానిది" అంది. ఆయనకి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

బయటికి పిలిచి చెప్పారు. ఈ వారం బరువులు పెరగకపోతే ఇప్పటిదాకా సాగింది వెనక్కి పోతుంది. ఆపరేషన్ తేదీ తప్పుతుంది. మళ్లీ తేదీ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేరు. బలవంతంగా చేసేది కాదిది, పిల్ల ఒప్పుకోవాలి అన్నారు.

నాన్నా, ఒక్కటి నిజం చెప్తాను. ఎక్స్‌రే చూశాక కూడా నాకు అనుమానం పోలేదు. నువ్వు తప్పు కత్తిరించవని నాకూ తెలుసు కదా. నా కొలతే తప్పయి ఉంటుందని మళ్లీ కొలవబోయాను. టేపు చూడగానే చేతులు ముడుచుకుంది.

నిన్న ఫోన్లో ఇదంతా చెప్పాలనే చేశాను. నీ గొంతు వినగానే "అంతా బాగానే ఉంది" అనేశాను. అందుకే ఈ ఉత్తరం సాయంత్రం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

నేను పంపిన కొలతలతోనే కత్తిరించావా? అదొక్కటీ చెప్పు.

పెద్దది


జులై 5

తల్లీ,

లేదు. నీ కొలతలతో కత్తిరించలేదు.

నా దగ్గర ఉడత పాత గౌను ఒకటి ఉంది, ఆది గౌను. దాన్ని గుడ్డ మీద పరిచి దాని ప్రకారమే అన్నీ కత్తిరిస్తాను, ఒళ్లు పెరిగినంత మేర చుట్టూ వదులుతూ. ఈసారి కూడా అదే పరిచాను. నీ కాగితం పక్కనే ఉంది. దాని మీద సుద్దముక్క పెట్టుకున్నాను.

నీ ఉత్తరం చదివి షాపు మూసేసి బస్సెక్కాను. ఆ సంగతి నీకు తెలుసు, గేటు దగ్గర చూశావు. లోపల ఏం జరిగిందో చెప్పే తీరిక లేకపోయింది కాబట్టి రాస్తున్నాను.

నేను వచ్చేసరికి నువ్వు కింద ఎక్స్‌రే కాగితాల కోసం లైన్లో ఉన్నావని నర్సమ్మ చెప్పింది. ఉడత నన్ను చూసింది. తల తిప్పుకోవడం కుదరదు కాబట్టి కళ్లు మూసుకుంది.

"ఏమే, కటింగ్ మాస్టరు వస్తే పలకరింపు లేదా?"

"ఇంటికి తీసుకెళ్తావా?"

"తీసుకెళ్తా. ముందు కొలత ఇవ్వు."

"ఎందుకు? వంకరగా ఉన్నాగా."

"నా గిరాకీలెవరూ నాతో వాదించరు. లే, చేతులు దించి నిలబడు."

బండిలో నిలబెట్టి అద్దం దగ్గరికి తీసుకెళ్లాను. టేపు నేను పట్టాను, అంకె దాన్నే పైకి చదవమన్నాను. కుడి పక్క చదివింది. ఎడమ పక్క చదివింది. మళ్లీ చదివింది. నువ్వు రాసిన కొలతేనమ్మా, దారం వాసి తేడా లేదు. తర్వాత ఆ నీలం గౌను బల్ల మీద పరిచి, అదే టేపు దాని చేతికిచ్చి కొలవమన్నాను. కుడి పక్క రెండు అంగుళాలు ఎక్కువ వచ్చింది.

"ఇదేంటి నాన్నా?"

"ఇది పాత ఉడతకి కుట్టింది."

"నువ్వు తప్పు కుట్టావా?"

"తప్పు కుట్టాను."

"నువ్వా?"

"నేనే."

"అక్క కొలతలు పంపలేదా?"

"పంపింది. నేను నమ్మలేదు."

"ఎందుకు నమ్మలేదు?"

బల్ల మీది గౌను నా వైపు లాక్కున్నాను. అది కాసేపు నన్నూ గౌనునీ మార్చి మార్చి చూసింది. అప్పుడు వార్డంతా వినబడేలా అరిచింది, "మా నాన్నకి కుట్టడం రాదు!" అని. పక్క మంచం పిల్ల పగలబడి నవ్వింది. వాళ్ల నానమ్మ కూడా నవ్వింది. ముప్పై ఏళ్ల పనిలో నన్ను అంత మాట అన్నవాళ్లు లేరు. అంత హాయిగా కూడా ఎప్పుడూ లేదు. నర్సమ్మ వస్తే "తగిలించండి, ఎంత పెంచాలో పెంచండి" అంది. తగిలించాక కళ్లు గట్టిగా మూసుకుంది. నా వేలు పట్టుకుంది, వదల్లేదు. అప్పుడు తెలిసింది, నొప్పి లేదని నువ్వు రాశావు గానీ అది ఓర్చుకునేదేదో ఉందని.

అక్కడే కూర్చుని పట్టీ విప్పి, కుడి పక్క ఎక్కువైంది తీసేసి, చేత్తో కుట్టాను. అంచు దగ్గరికి వచ్చేసరికి టైమైపోయిందని పంపేశారు. టాకాలు మాత్రం వేశాను, నువ్వు కుట్టు.

గేటు దగ్గర నువ్వు పరిగెత్తుకుంటూ వచ్చావు. చిక్కిపోయావు. "తిన్నావా" అన్నాను. "తిన్నా" అన్నావు. బస్సు కదిలిపోయింది. నిన్ను నమ్మనందుకు ఒక మాట అనాల్సింది, తిండి సంగతి అడిగాను.

ఎందుకు నమ్మలేదో దారంతా ఆలోచించాను. నువ్వు ప్రతిదీ కాస్త పొంగించి రాస్తావు కదా, కొలత కూడా పొంగించావనుకున్నాను. అది సగమే. నాలుగేళ్లు దాని ఒళ్లు ఎలా ఉన్నా బాగా కనబడేలా కుట్టడం నేర్చుకున్నాను. అది నిజంగా బాగుపడితే ఎలా కుట్టాలో నేర్చుకోలేదు.

నాన్న


జులై 10

నాన్నా,

బరువులు పెరుగుతున్నాయి. తేదీ తప్పలేదు. ఇరవై నాలుగు.

అంచు కుట్టాను. ఉడత చూసి, "నాన్న కంటే నువ్వే నయం, నీకు రాదని ముందే తెలుసు" అంది. రోజూ ఆ గౌనే కావాలంటోంది. ఉతికి ఆరేదాకా దుప్పటి చుట్టుకుని కూర్చుంటోంది.

నేను తిన్నానని నీతో చెప్పినప్పుడు తినలేదు. లైన్లో ఉండిపోయాను. నువ్వొచ్చావని ఎవరో చెప్తే కాగితాలు అక్కడే వదిలేసి పరిగెత్తాను. నీకు చెప్పాలనుకున్నవన్నీ మెట్ల మీద వరసగా పేర్చుకుంటూ వచ్చాను. నీ మొహం చూడగానే అన్నీ పోయాయి.

నన్ను వెళ్లిపొమ్మని రాశావు చూడు, దానికి జవాబు రాయకుండా ఇన్నాళ్లు కోపంగా ఉన్నాను. దుప్పట్ల గురించి రాసింది ఫిర్యాదు కాదు నాన్నా. నేను చూసింది నీకు చూపించాలని రాశాను, అంతే. నువ్వు చదివి, ఇది వెళ్లిపోతానంటోందని అనుకున్నావు. నేను నీ జవాబు చదివి, నేను లేకపోయినా వీళ్లకి సరిపోతుందని అనుకున్నాను. మనిద్దరం ఒక గదిలో ఉండి ఉంటే ఇవేవీ అనుకునేవాళ్లం కాదు. లేకపోతే ఏమీ మాట్లాడుకోకుండా ఇవే అనుకుంటూ కూర్చునేవాళ్లమేమో.

పొంగించి రాయడం గురించి. ఇక్కడ రోజులన్నీ ఒకేలా ఉంటాయి. ఉన్నదున్నట్టు రాస్తే రెండు వాక్యాలకే ఉత్తరం అయిపోతుంది. అయిపోతే నీతో మాట్లాడటం కూడా అయిపోతుంది కదా. అందుకని మాటలు పోగేస్తాను. దాని నొప్పి గురించి మాత్రం తగ్గించి రాశాను. బరువు పెంచిన ప్రతిసారీ మెడ లాగేస్తుంది, పళ్లు బిగబట్టుకుంటుంది. నువ్వు భయపడతావని రాయలేదు. ఇకమీదట ఎక్కువా రాయను, తక్కువా రాయను.

ఇరవై నాలుగున రా. రాత్రి ఉండనివ్వకపోయినా పగలు బయట బెంచీ ఉంది.

అక్కడే ఉన్న
నీ పెద్దమ్మాయి


జులై 16

తల్లీ,

వస్తున్నాను. కాగితాల మీద సంతకాలు ఆ రోజు పొద్దునే పెట్టాలని ఆఫీసువాళ్లు ఫోన్ చేశారు.

నిన్ను వెళ్లమన్నది నువ్వు అక్కర్లేదని కాదు. అలా చదువుకుంటావని తోచలేదు. నాకు ఉత్తరం రాయడం రాదు. గుడ్డ అయితే తప్పు పోతే విప్పి కుట్టొచ్చు.

భయంగా ఉంది. ఎవరితోనూ అనలేదు. నీతో అంటున్నాను.

నాన్న


జులై 29

నాన్నా,

నువ్వు వెళ్లాక జరిగింది ఇది.

మొదటి రెండు రోజులు ఐసీయూలో గాజు తలుపు బయటినుంచే చూశాను. నువ్వున్న రోజే కాలివేళ్లు కదిపిందని డాక్టరుగారు వచ్చి చెప్పారు కదా, ఆ తర్వాత కూడా రోజూ అదే చూస్తున్నారు. రెండు కాళ్లూ బాగా కదుపుతోంది. తలకి రింగు తీసేశారు. నుదుటి మీద చిన్న చిన్న మచ్చలున్నాయి. నీళ్లు అడిగితే మొదట్లో ఇవ్వనివ్వలేదు, తడిదూదితో పెదాలు అద్దాను. నన్ను తిట్టింది. నర్సమ్మని తిట్టింది. నిన్ను కూడా తిట్టింది, నువ్వు లేవని.

డాక్టరుగారు చెప్పినవి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. కడ్డీలు బాగా కూర్చున్నాయి. వంపు మొత్తం పోలేదు, కొంత ఉంటుంది. అది పెరిగిన కొద్దీ ఇంచుమించు ఆరునెలలకోసారి వచ్చి, చిన్న ఆపరేషన్ చేయించి కడ్డీల పొడవు పెంచాలి. ఎదుగుదల ఆగేదాకా ఇలాగే. అంటే చాలా ఏళ్లు. మధ్యలో కడ్డీ వదులు కావచ్చు, విరగొచ్చు, అప్పుడు మళ్లీ చేయాలి. ఇదంతా విని ఉడత, "అయితే ఆ వరండా నాదే" అంది. కాసేపటికి గోడ వైపు చూస్తూ, "ప్రతిసారీ నువ్వే వస్తావా అక్కా?" అంది. వస్తానన్నాను. వస్తానని అనగలిగినందుకు నాకే ఆశ్చర్యం వేసింది. కాలేజీ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

ఇవాళ పొద్దున దాన్ని లేపి నిలబెట్టారు. వ్యాయామం ఆయన ఒక పక్క, నర్సమ్మ ఒక పక్క పట్టుకున్నారు. ముందు మంచం అంచున కూర్చోబెట్టారు. కళ్లు తిరుగుతున్నాయంది, వాంతి వస్తోందంది, ఏడ్చింది. చాలాసేపటికి, "సరే, పట్టుకోండి" అంది. లేచింది. నేను ఎదురుగా చేతులు చాపి నిలబడ్డాను. తాడు లేదు, కమాను లేదు. దాని రెండు పాదాల మీద అది. మెల్లగా తల ఎత్తి నన్ను చూసింది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసింది.

"అక్కా," అంది, "నువ్వేంటే, పొట్టిదానివైపోయావు?"

ఆయన నవ్వుతూనే ఉన్నాడు, నర్సమ్మ నవ్వింది, దాన్ని జాగ్రత్తగా పడుకోబెట్టారు. పడుకున్న వెంటనే నిద్రపోయింది. వాళ్లు వేరే మంచాల దగ్గరికి వెళ్లిపోయారు. పక్క మంచం ఖాళీగా ఉంది, ఆ పిల్లా వాళ్ల నానమ్మా మొన్నే ఇంటికి వెళ్లిపోయారు. ఆ మాట ఎవరికైనా చెప్పాలని వార్డంతా చూశాను. తర్వాత వరండాలోకి వెళ్లి అక్కడా చూశాను. తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. వెనక్కి వచ్చి కాగితం తీశాను.